మందడం గోళకీ మఠం: గురుపీఠం నడిపిన ఊళ్ల పాలన

నిజామాబాద్ జిల్లాలో సిర్నాపల్లి వంటి సంస్థానాలను, 1949లో రద్దయిన జాగీర్లను ఎరిగినవారికి శిస్తు వసూలు హక్కు రాజు నుంచి మరొకరి చేతికి పోవడం కొత్త సంగతి కాదు. ఆ హక్కు ఒక సన్యాసి పీఠానికి దక్కినప్పుడు ఊరి పాలన ఎలా సాగిందో చెప్పే అరుదైన ఆధారం కృష్ణా తీరంలోని మల్కాపురం శాసనం.

ఆ శాసనం ప్రకారం, కాకతీయ గణపతిదేవుడు తన దీక్షాగురువు విశ్వేశ్వర శివాచార్యునికి మందడం గ్రామాన్ని ఇవ్వగా, రుద్రమదేవి 1261లో, అంటే శక సంవత్సరం 1183లో, దానికి వెలగపూడిని, నదిలోని లంక భూములను చేర్చి ధారపోసింది. గౌడదేశం నుంచి వచ్చిన ఈ ఆచార్యుడు గోళకీ మఠమనే శైవ గురుపరంపరకు చెందినవాడు. ఆయన అక్కడ ఆలయాన్ని, మఠాన్ని, అన్నసత్రాన్ని నెలకొల్పి, ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలను రప్పించి, వారికి భూములిచ్చి కొత్త అగ్రహారాన్ని నిలిపాడు.

మిగిలిన రాబడిని ఆయన మూడు భాగాలు చేసిన తీరులోనే పాలన సారమంతా ఉంది: ఒక భాగం శివాలయానికి, ఒకటి విద్యార్థులకు, శైవ మఠానికి, మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, బ్రాహ్మణ సత్రానికి చెందింది. వేదాలు చెప్పేందుకు ముగ్గురు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమాల వంటి శాస్త్రాలకు ఐదుగురు అధ్యాపకులతో పాటు ఒక వైద్యుడు, లెక్కలు రాసే ఒక కాయస్థుడు జీతగాళ్లుగా ఉండేవారు. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి వంటి వృత్తులవారికి భూమి కేటాయించగా, ఊరి కాపలా వీరభద్రులనే భటులు చూసేవారు. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చిన ప్రతివారికీ ఎల్లవేళలా అన్నం పెట్టాలన్న నిబంధన, వర్ణభేదాలు గట్టిగా పాతుకున్న ఆ కాలానికి నిజంగా గొప్పది.

యూరప్‌లో ఇలాంటి ఏలుబడి మరింత విస్తారంగా, మరింత కాలం సాగింది. నేటి స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠాధిపతి ఉల్‌రిచ్ రోష్ 1468లో టోగెన్‌బర్గ్ ప్రాంతాన్నే కొని, అధికారులను నియమించి, ఊరూరి కట్టుబాట్లను రాతలో పెట్టించాడు. అక్కడ మఠాధిపతి గురువే కాక రాజు కూడా. మత స్వేచ్ఛ, స్థానిక హక్కుల విషయంలో టోగెన్‌బర్గ్ ప్రజలకు మఠంతో ముదిరిన తగవు 1712లో యుద్ధానికి దారితీసింది, 1798లో ఆ ఏలుబడే ముగిసింది.

మల్కాపురం రాతి మీద దాత సంకల్పమే ఉంది కాని శిస్తు కట్టిన రైతు గొంతు వినిపించదు. ఈ లోటును మరచి దాన్ని ఆదర్శ రాజ్యంగా పొగడటం సరికాదు. అయినా పీఠాధిపతికి ఏడాదికి నూరు నిష్కాలు, అంటే నూరు బంగారు నాణేలు, వేతనంగా నిర్ణయించి, ఆయన దారి తప్పితే శైవ సమాజమే తొలగించి యోగ్యుణ్ణి నియమించుకోవాలని స్థాపకుడే రాయించడం, తన పీఠం మీద తానే హద్దు గీయడమే.