గాలాపగోస్ ఓడ యాత్రలు

పసిఫిక్ మహాసముద్రంలో, ఈక్వెడార్ తీరానికి పడమరగా సుమారు 1,000 కిలోమీటర్ల దూరాన భూమధ్యరేఖకు అటూ ఇటూ చెదిరి ఉన్న గాలాపగోస్ ద్వీపాలను చిన్న ఓడలో తిరుగుతూ చూసే యాత్ర ఇది. యాత్రికులు ఓడలోనే తింటారు, ఓడలోనే పడుకుంటారు. వాళ్లు నిద్రలో ఉండగానే ఓడ ఒక దీవి నుంచి మరో దీవికి చేరుతుంది. తెల్లవారాక పదిమందో పదహారుమందో చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు వెళ్లి, గైడు వెంట నిర్ణీత బాటలో నడిచి తిరిగి వస్తారు. 1960ల చివర్లో మొదలైన ఈ పద్ధతి తరవాత మారుమూల దీవుల యాత్రలన్నిటికీ ఒక నమూనాగా నిలిచింది. ఇక్కడి ఓడలు చిన్నవిగా ఉండడం యజమానుల సదభిరుచి వల్ల అనుకుంటే పొరపాటు. మొదట్లో అందుకు కారణం దీవుల్లో నీళ్లూ బసా లేకపోవడం. ఆ తరవాత చట్టం.

యాత్రికుల కన్నా ముందు

ఈ దీవులకు చేరినట్టు రాతపూర్వకంగా తెలిసిన తొలి వ్యక్తి పనామా బిషప్ తోమాస్ దె బెర్లాంగా. 1535లో పెరూకు వెళ్తుండగా గాలి పడిపోయి, ఆయన ఓడ ప్రవాహానికి కొట్టుకొచ్చి ఇక్కడ తేలింది. మంచినీళ్లు దొరక్క ఓడలోని వాళ్లు నాగజెముడు మట్టలు నమిలి దాహం తీర్చుకున్నారు. మనిషిని చూసి ఎగిరిపోవాలని కూడా తెలియని పక్షుల గురించి, పెద్ద పెద్ద తాబేళ్ల గురించి ఆయన స్పెయిన్ రాజుకు ఉత్తరం రాశాడు. వేటాడే పెద్ద జంతువులు లేని దీవుల్లో పుట్టి పెరిగిన ఆ పక్షులకు భయం అవసరపడలేదు. తరవాతి మూడు శతాబ్దాలు ఆ నిర్భయమే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. ఇవాళ యాత్రికులు ఇంత ఖర్చు పెట్టి వచ్చేది కూడా దానికోసమే.

17వ శతాబ్దంలో ఓడదొంగలు ఇక్కడ తలదాచుకున్నారు. 18వ శతాబ్దం చివర తిమింగలాల వేటగాళ్లు వచ్చారు. తిండీ నీళ్లూ లేకుండా నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాకా బతకగల తాబేళ్లను వాళ్లు ఓడ అడుగున పేర్చుకుని, కావలసినప్పుడల్లా కోసుకుని తినేవారు. అలా పోయిన తాబేళ్లు లక్షకు పైమాటేనని అంచనా. 1820లో ఎసెక్స్ అనే వేట ఓడ నావికుడొకడు ఫ్లోరియానా దీవిలో తమాషాకు పెట్టిన నిప్పు దీవి మీద చాలా మేర పాకింది. కొద్ది వారాలకే ఆ ఓడను నడిసముద్రంలో ఒక తిమింగలం ఢీకొట్టి ముంచేసింది; 'మోబీ డిక్' నవలకు ప్రేరణల్లో ఆ ఘటన ఒకటి. ఫ్లోరియానా తాబేలు జాతి 19వ శతాబ్దం మధ్య నాటికే ఆ దీవి మీద కనుమరుగైంది. వేటగాళ్లు అక్కడ ఉంచిన ఉత్తరాల పీపా ఆనవాయితీ మాత్రం ఇంకా నడుస్తోంది. ఎవరైనా అందులో ఉత్తరం వేసి పోతే, ఆ దారిన ఇంటికి వెళ్లేవాళ్లు దాన్ని తీసుకెళ్లి అందజేయాలి. ఇప్పుడు ఓడ యాత్రికులు తపాలా బిళ్ల అతికించకుండానే కార్డులు వేసి, తమ ఊరి వైపు చిరునామాలున్న వాటిని ఏరుకుంటున్నారు.

1832లో ఈక్వెడార్ ఈ దీవులను తనలో కలుపుకొంది. మూడేళ్లకు, 1835 సెప్టెంబరులో, బీగిల్ ఓడ మీద 26 ఏళ్ల ఛార్లెస్ డార్విన్ వచ్చాడు. సుమారు 27 మీటర్ల పొడవున్న ఆ ఓడ ఇప్పటి చాలా యాత్రా ఓడల కన్నా చిన్నది. ఐదు వారాల్లో ఆయన దిగింది నాలుగు దీవుల్లోనే. తాబేలు డిప్పను చూసి అది ఏ దీవిదో చెప్పగలనని అక్కడి అధికారి లాసన్ అన్నప్పుడు డార్విన్ పెద్దగా పట్టించుకోలేదు. ఓడవాళ్లు తాబేళ్లను తిని, ఆధారాలు కాగల డిప్పలను సముద్రంలోకి విసిరేశారు. దీవికో రకం జీవి ఎందుకుందన్న ఆలోచన ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక, పక్షుల నిపుణుడు జాన్ గూల్డ్ 1837లో డార్విన్ తెచ్చిన పిచ్చుకలను పరిశీలించి చెప్పాకే ఊపందుకుంది.

20వ శతాబ్దం తొలి సగంలో ఇక్కడికి విహారానికి రాగలిగినవాళ్లు సొంత ఓడలున్న సంపన్నులూ, శాస్త్రయాత్రల వాళ్లూ మాత్రమే. అమెరికన్ ప్రకృతి శాస్త్రవేత్త విలియం బీబ్ 1923 నాటి యాత్ర మీద రాసిన పుస్తకం బాగా అమ్ముడుపోయి ఈ దీవులకు కొత్త మోజు తెచ్చింది. 1938లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ యుద్ధనౌక మీద వచ్చి వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాల్ట్రా దీవిలో వైమానిక స్థావరం కట్టింది. యాత్రికుల రాకకు దారి తీసింది ఆ రన్‌వేనే. నేటికీ చాలా ఓడ యాత్రలు బాల్ట్రాలో విమానం దిగాకే మొదలవుతాయి.

ఓడే హోటల్

డార్విన్ పుస్తకం 'జాతుల పుట్టుక' వెలువడి నూరేళ్లయిన 1959లో ఈక్వెడార్ ఈ దీవులను జాతీయ పార్కుగా ప్రకటించింది. అప్పటికే జనం స్థిరపడిన చోట్లు మినహా దాదాపు 97 శాతం నేల పార్కు కిందికి వచ్చింది. అదే ఏట ఏర్పడిన ఛార్లెస్ డార్విన్ ఫౌండేషన్ 1964లో సాంతా క్రూస్ దీవిలో పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది. 1968లో పార్కు సిబ్బంది పనిలోకి దిగారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లార్స్-ఎరిక్ లిండ్‌బ్లాడ్ రంగంలోకి వచ్చాడు. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పర్యటనల వ్యాపారం నడిపిన ఈయన 1966లో అర్జెంటీనా నావికాదళ ఓడను అద్దెకు తీసుకుని మామూలు యాత్రికులను అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. మరుసటి ఏడాది గాలాపగోస్‌కు. ఈ తరహా యాత్రల కోసమే ఫిన్లండ్‌లో కట్టించిన ఆయన ఓడ 'లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్' 1969లో నీటిలోకి దిగింది. అదే ఏడాది ఈక్వెడార్ సంస్థ మెట్రోపాలిటన్ టూరింగ్ 'లీనా' అనే ఓడను ఇక్కడి దీవుల మధ్య నడపడం మొదలుపెట్టింది. దీవుల్లో హోటళ్లు కట్టకుండా ఓడనే హోటల్‌ చేసుకుంటే నేలకూ నీటికీ భారం తగ్గుతుందన్న లెక్క శాస్త్రవేత్తలకూ నచ్చింది. ప్రకృతిని కాపాడాలనుకునేవాళ్లకూ, దాన్ని అమ్మి బతికేవాళ్లకూ ఒకేచోట మాట కలవడం అరుదు. ఇక్కడ కొంతకాలం కలిసింది.

ఈ యాత్రకు ప్రాణం గైడే. 1970ల మధ్య నుంచి పార్కు శిక్షణ ఇచ్చి లైసెన్సు ఇచ్చినవారు తోడు లేనిదే దర్శన స్థలాల్లో అడుగు పెట్టనివ్వడం లేదు. ఒక గైడుకు 16 మందే అన్న నియమం ఓడల ఆకారాన్నే మార్చింది. ఇక్కడ 16 పడకల పడవలు అన్ని ఉండడానికి కారణం అదే. పెద్ద ఓడలకూ 100 మందే హద్దు. జంతువుకు కనీసం 2 మీటర్ల దూరంలో ఉండాలి, బాట దాటకూడదు, గవ్వ, రాయి ఏదీ ఏరుకోకూడదు. బాటకు అడ్డంగా నీలికాళ్ల బూబీ పక్షి గుడ్లు పొదుగుతుంటే పక్కకు తప్పుకోవలసింది మనుషులే. 2012 నుంచి ఏ ఓడా 14 రోజుల లోపు ఒకే స్థలానికి రెండోసారి రాకూడదు. వారంలో అన్నీ చూపిస్తామనే ప్రకటనలను అందుకే నమ్మనవసరం లేదు.

ఏ ఓడ ఎక్కామన్నది ఏం చూస్తామో నిర్ణయిస్తుంది. పడమటి దీవులైన ఫెర్నాండినా, ఇసబెలా దగ్గర లోతుల్లోంచి చల్లని నీరు పైకి ఉబుకుతుంది. భూమధ్యరేఖ మీద పెంగ్విన్లు బతకడానికీ, ఎగరలేని నీటికాకులు చేపలు పట్టుకోవడానికీ ఆ నీరే ఆధారం. పెద్ద ఆల్బట్రాస్ పక్షుల కోసమైతే ఏప్రిల్, డిసెంబరు నెలల మధ్య ఆగ్నేయాన ఉన్న ఎస్పన్యోలా దీవికి వెళ్లాలి. జూన్ నుంచి చల్లగా తుంపర పడే కాలం. సముద్రం పొంగుతుంది, చిన్న ఓడల్లో కడుపు తిప్పడం మామూలే.

ఎదురుదెబ్బలు

1978లో యునెస్కో తన తొలి ప్రపంచ వారసత్వ జాబితాలో గాలాపగోస్‌ను చేర్చింది. 1998లో ప్రత్యేక చట్టం వచ్చి చుట్టూ ఉన్న సముద్రాన్నీ రక్షిత ప్రాంతం చేసింది. అయినా 2001 జనవరిలో జెస్సికా అనే ట్యాంకరు సాన్ క్రిస్తోబల్ దీవి దగ్గర నేల తాకి నూనె ఒలికించింది. అందులోని ఇంధనంలో కొంత ఒక యాత్రా నౌక కోసం వస్తున్నదే. నూనెలో చాలా భాగాన్ని గాలీ కెరటాలూ బయటికి తోసేశాయి. దాంతో ముప్పు తప్పిందనుకున్నారు గానీ, ఏడాది తిరిగేసరికి సాంతా ఫే దీవి మీది సముద్రపు ఇగ్వానాల్లో సగానికి పైగా చనిపోయాయని పరిశోధకులు తేల్చారు. 2007 నుంచి 2010 వరకు ఈ దీవులు ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో ఉన్నాయి.

ఏటా 12,000 మంది యాత్రికులు చాలని 1970ల్లో అనుకున్నారు. 1980ల్లో దాన్ని 25,000కు పెంచారు. రెండు హద్దులూ కాగితం మీదే మిగిలాయి. 2018లో వచ్చినవాళ్లు 2,75,000 పైచిలుకు. యాత్రికుల్లో ఎక్కువమంది ఇప్పుడు ఓడ ఎక్కడమే లేదు. ఊళ్లలోని హోటళ్లలో దిగి, పగటి పడవల్లో వెళ్లి వస్తున్నారు. అది చవక, ఊరివాళ్లకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. కానీ మంచినీళ్ల ఇబ్బంది, చెత్త, బయటి పురుగుల, విత్తనాల బెడద మాత్రం వీళ్లతో పాటే పెరుగుతున్నాయి. ఓడల్లో పడకలను లెక్కపెట్టి హద్దు గీసిన ప్రభుత్వం, విమానం దిగే మనుషులకు అలాంటి హద్దు గీయలేకపోయింది. 2024 ఆగస్టు 1 నుంచి చాలామంది విదేశీయులకు పార్కు ప్రవేశ రుసుమును 100 డాలర్ల నుంచి 200 డాలర్లకు పెంచింది.