నీరులేని కొండదారి

విశాఖపట్టణమునుండి దాదాపు 17 కిలోమీటర్ల దూరమున దువ్వాడ రైలుస్టేషను కలదు. విశాఖ ఊరిలోనికి పోకుండ ప్రక్కగా సాగిపోవు బండ్లు అనేకము ఇచ్చటనే ఆగును. గనుక పనికొరకు చెన్నపట్టణమునకో కలకత్తాకో పోయివచ్చిన మన సంఘస్థులకు ఈ పేరు క్రొత్తది కాదు. అర్ధరాత్రి బండి దిగి, మూట తలక్రింద పెట్టుకొని తెల్లవారువరకు ప్లాటుఫారముమీద పండుకొన్నవారు ఎందరో యున్నారు. తెల్లవారిన తరువాత వారి కన్నులకు కనబడునవి కొండలు. వానకాలమున అవి పచ్చగానుండును. చైత్రము దాటగానే ఎఱ్ఱబడి, బండలు బయటపడి, ఎండకు కమిలిన వీపువలె నుండును.

ఈ తీరమున రైలు 1893కును 1896కును మధ్య తూర్పుకోస్తా రైల్వేవారిచే వేయబడెను. అంతకుముందు అనకాపల్లినుండి విశాఖకు పోవలసినవాడు కాలినడకనో, ఎడ్లబండిమీదనో పోయెను; ధనవంతుడైనయెడల పల్లకిలో పోయెను. తెలుగువారికి సువార్త తెచ్చిన జార్జి క్రాను, డిగ్రాంజి అను దొరలు 1805లో విశాఖకు చేరిననాడు రైలు లేదు, మరబండి లేదు. వారిద్దరు అయిదారు సంవత్సరములలోనే ఈ దేశములో మరణించిరి. వారును, వారికి తోడ్పడిన ఆనందరాయరును తెనిగించిన సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. అచ్చయిన పుస్తకములను గ్రామములకు చేర్చినది మాత్రము కాళ్లే. ఆ కాలినడకవారు ప్రతి మజిలీవద్దను మొదట అడిగిన ప్రశ్న ఒక్కటియే: ముందు నీళ్లెక్కడ?

ఇచ్చట వానలు లేవా అని మీరడుగవచ్చును. ఉన్నవి. ఈ తీరమున ఏటికి సుమారు 1000 మిల్లీమీటర్ల వర్షము కురియును. అయితే అందులో అధికభాగము జూను మొదలు నవంబరులోగానే పడిపోవును. కొండ ఏటవాలుగా నున్నది, పైమన్ను పలుచనిది, కాబట్టి పడిన నీరు నిలువక గెడ్డలలోబడి సముద్రమునకు పోవును. మార్చి నెలకు గెడ్డలో ఇసుక మిగులును. ఈ కొండల రాతిని శాస్త్రజ్ఞులు ఖొండలైటు అందురు. కోందుల పేరుమీదుగా పెట్టబడిన పేరది. అది ఎండవానలకు చివికి ఎఱ్ఱబారి, కొన్ని తావుల గునపమునకు సహితము లొంగును. రాయి లొంగుటయే ఒక గొప్ప సంగతికి కారణమాయెను.

విశాఖనుండి భీమునిపట్టణము పోవు త్రోవలో, మంగమారిపేటకు ఎదురుగా, సముద్రమట్టమునకు 128 మీటర్ల ఎత్తున తొట్లకొండ యున్నది. 1976లో నౌకాదళమువారు తమ స్థావరముకొరకు ఆకాశమునుండి సర్వే జరుపుచుండగా దానిమీది శిథిలములు బయటపడినవి. 1988నుండి 1993వరకు పురావస్తుశాఖవారు త్రవ్వి చూచిరి. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దము మొదలుకొని క్రీస్తుశకము రెండుమూడు శతాబ్దములవరకు అక్కడ బౌద్ధ సన్యాసులు నివసించిరని తేలెను. వారి గదులు, స్తూపములు, భోజనశాల కనబడినవి. రోమా దేశపు వెండినాణెములు కూడ దొరికినవి. మన ప్రభువు కైసరు బొమ్మను గూర్చి మాటలాడిన ఆ కాలపు రాజ్యమునుండి నాణెము ఓడనెక్కి మంగమారిపేట ఒడ్డున దిగెనన్నమాట.

నాకు నాణెములకంటె తొట్లే ఎక్కువ వింతగా తోచినవి. ఆ కొండమీద రాతిలో తొలిచిన తొట్లు 11 కలవు. కొండకు ఆ పేరు వచ్చుట వాటివలననే. భీమిలివద్దనున్న పావురాళ్లకొండమీద అట్టివి 16 చూపుదురు. సమీపమునందలి మరియొక కొండకు బావికొండ అనియే పేరు. చూడుడి, జనులు ఆ సన్యాసుల మతమును మరచిరి, గురువుల పేర్లు మరచిరి, ఆ కొండలమీద మఠములుండెనన్న సంగతియే మరచిరి. తొట్టిని, బావిని మాత్రము మరువలేదు. దాహము గొన్నవాని జ్ఞాపకశక్తి అట్టిది.

నీరులేని కొండను వారేల కోరుకొనిరి? ఊరికి దూరము, ఓడరేవునకు దగ్గర, సముద్రపుగాలి, దాతలైన వర్తకుల రాకపోకలు: ఇవి కారణములై యుండవచ్చును. వానకాలము మూడు నెలలు సంచారము మాని ఒకచోట నుండుట వారి నియమము. వాన పడుచుండగా ఎవడును నీటినిగూర్చి చింతింపడు. ఆ పిమ్మట వచ్చు ఎనిమిదితొమ్మిది నెలలకొరకు ముందుగా రాయి తొలిచినవాడే వివేకి. ఉలితో సుత్తితో ఒక్కొక్క పెళ్లను లేపి, మనిషిలోతు తొట్టి చేయుటకు ఎన్ని దినములు పట్టునో రాళ్లుకొట్టు పని తెలిసిన మన సహోదరులే చెప్పగలరు. తొలిచినవారి పేరు ఒక్కటియు ఎవరికిని తెలియదు.

ఉజ్జియా రాజు అరణ్యమందు తన పశువులకొరకు అనేకమైన నీటితొట్లు తొలిపించెనని దినవృత్తాంతముల రెండవ గ్రంథములో చదువుచున్నాము. యుద్ధయంత్రములు చేయించినవాడును అతడే, గర్వించి కుష్ఠరోగియైనవాడును అతడే. అయినను గ్రంథకర్త ఆ తొట్లను విడువక వ్రాసెను. యిర్మీయా బద్దలైన తొట్లనుగూర్చి పలికినప్పుడు యూదయ కొండవాసులు ఉలికిపడియుందురు. ఏలయనగా మేనెలలో మూత తీసి చూచి, తొట్టి బీటవారి అడుగున బురద తప్ప మరేమియు లేదని కనుగొనుట వారికి ఉపమానము కాదు, ఇంటిలో జరుగు సంగతి.

యెరూషలేమునుండి యెరికోకు దిగు త్రోవ కూడ ఇట్టిదే. దాదాపు 25 కిలోమీటర్లలో 1000 మీటర్లు దిగవలెను. చెట్టునీడ బహు అరుదు. దొంగలచేత కొట్టబడి ఆ బాటన పడియున్నవానికి గాయమొక్కటే శత్రువు కాదు. మధ్యాహ్నమువరకు ఎవడును ఆగకపోయినయెడల ఎండయే వానిని చంపియుండును. యాజకుడును లేవీయుడును ఆలోచింపక దాటిపోయినది ఆ ఎండను.

ఈ దినములలో జీతమునకు గాక సంతోషమునకై కొండలు నడచువారు కలరు. అమెరికాలో మెక్సికో సరిహద్దునుండి కెనడా సరిహద్దువరకు సుమారు 4260 కిలోమీటర్ల కాలిబాట యున్నది. దానికి పసిఫిక్ క్రెస్టు అని పేరు. అందులో ఉత్తర కాలిఫోర్నియాయందు హాట్‌క్రీక్ అంచు అను భాగము దాదాపు 45 కిలోమీటర్లు. అగ్నిపర్వతపు నల్లరాయి, నీడలేని మెట్ట. దూరమున షాస్తా పర్వతము మంచుతో తెల్లగా కనబడుచుండును. చేతిలో సీసా మాత్రము ఖాళీ. ఆ త్రోవలో దయగల కొందరు డబ్బాలతో నీరు తెచ్చి పొదలక్రింద ఉంచి పోవుదురు. అయితే ఆ బాటను కాపాడు సంఘమువారు నడచువారికి చెప్పు హెచ్చరిక ఒకటి కలదు: ఇతరులుంచిన నీటిని నమ్ముకొని బయలుదేరవద్దు, డబ్బా ఖాళీయై యుండవచ్చును, మీ నీరు మీరు మోసికొనుడి. ఇది కఠినముగా తోచును గాని న్యాయమైన మాట. నీరుంచువాడు ఉంచవలెను, నడచువాడు దానిమీద ఆనుకొనరాదు. రెండును కూడినప్పుడే ప్రాణము నిలుచును.

మన వైపున ఇందుకు దగ్గరగానున్నది సింహాచలము చుట్టు హిందూ సోదరులు ఆషాఢ పౌర్ణమికి చేయు ప్రదక్షిణము. 32 కిలోమీటర్లు పాదరక్షలు లేకుండ రాత్రియంతయు నడచువారు వేలమంది. దారి పొడవున ఊరివారు నీళ్లు, మజ్జిగ, పండ్లు చేతికందింతురు. అడిగి కులము తెలిసికొనువాడు లేడు. ఆ కొండకు గంగధార మొదలైన ఊటలు కలవు. ఒకే వరుస కొండలలో ఒకదానికి ఊట, వేరొకదానికి ఎండుబండ. చెట్లున్నచోట వాననీరు మెల్లగా మన్నులోనికి దిగును, చెట్లు నరికినచోట పరుగెత్తిపోవును. ఇది పొలముగట్టు చూచిన ప్రతి రైతుకును తెలిసినదే.

వేసవిలో కొండ దాటి పొరుగూరి కూటములకు నడచువారు మనలో ఇంకను కలరు గనుక ఒకటిరెండు మాటలు. కోడికూతకు బయలుదేరి పదిగంటలకు నీడ చేరవలెను. ఎండలో ఎక్కువాడు గంటకు లీటరువరకు చెమట కోల్పోవచ్చును. లీటరు నీరు కిలో బరువు. కాబట్టి బిందెడు మోయలేము, గ్రుక్కెడుతో చాలదు. వట్టినీరేగాక ఉప్పువేసిన గంజియో, మజ్జిగయో, మన చోడి అంబలియో త్రాగవలెను. తోడివాడు ఒడలు కాలుచు, పొంతనలేని మాటలాడుచు తూలినయెడల, ఇంక కొంచెము దూరమేగదా అని నడిపింపవద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలు తడిపి విసరుడి. త్వరగా వైద్యునియొద్దకు చేర్చుడి. స్పృహ తప్పినవాని నోట నీళ్లు పోయరాదు. ముసలివారి విషయమున మరి జాగ్రత్త. వారు దాహమైనదని చెప్పరు.

ఇక దువ్వాడ సంగతి. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు ఆంధ్రదేశమంతట ఉద్యమము లేచి, కాల్పులలో అనేకులు ప్రాణములు విడిచిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసెను. 1992లో కర్మాగారము జాతికంకితమాయెను. దానికొరకు అనేక గ్రామములవారు తమ భూములు, తాటితోపులు, తాతలనాటి నూతులు విడిచి లేచిపోయిరి. ఉక్కు కరగించుటకు నిప్పు చాలదు, నీరు బహుగా కావలెను. ఈ మెట్టలో అంత నీరెక్కడిది? నూటయాభై కిలోమీటర్లకు పైగా కాలువ త్రవ్వి ఏలేరు నీటిని కణితివద్ద కట్టిన జలాశయమునకు తెచ్చిరి. తొట్లకొండ సన్యాసి ఆకాశమునుండి పడినదానిని రాతిలో పట్టెను. ఇంజనీరు పొరుగు జిల్లా ఏటిని నడిపించుకొని వచ్చెను. పని రెండవది పెద్దదే. అయితే కాలువ ప్రక్కనున్న ఊళ్లకు ఆ నీరు ఎంత, కొలిమికి ఎంత అను ప్రశ్న కాలువతోకూడ పుట్టినది. నూయి విడిచి లేచిపోయినవారు ఆ ప్రశ్న అడుగుటకు హక్కు గలవారని నా తలంపు.

ఇస్సాకు గెరారు లోయలో, ఫిలిష్తీయులు పూడ్చివేసిన తన తండ్రి బావులను మరల త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే వాటికి పెట్టెను. తొట్లకొండమీద పురావస్తుశాఖ కూలీలు పారలతో మన్ను తీసినప్పుడు జరిగినది కూడ కొంతమట్టుకు అదియే. ఇప్పటికిని వాన కురిసిన తరువాత ఆ తొట్లలో నీరు నిలుచును.