ప్రసవము - ప్రయాణము

దూరమును మనము సాధారణముగా మైళ్లతో కొలుతుము. నొప్పులు పడుచున్న తల్లికి ఆ కొలత చాలదు. వేసవిలో గంటలో చేరగల ఊరు, వాగు పొంగిన రాత్రి ఒక దినపు ప్రయాణము కావచ్చును. కాన్పు పిమ్మట అధిక రక్తస్రావము కలిగి చికిత్స అందనిచో, రమారమి రెండు గంటలలోనే తల్లి ప్రాణము పోవచ్చునని వైద్యుల అంచనా. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు వ్యవధి కొంత హెచ్చుగా నుండును. కాని అదియు ఒకటి రెండు దినములకు మించదు. ఇంటికిని వైద్యమునకును నడుమనున్న ఈ కాలమును తగ్గించుట ఎట్లు? ఇరువదవ శతాబ్ది తొలిపాదమున రెండు కొండసీమలవారు ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానము నేటికిని ఆలోచింపదగినది.

మొదటిది స్కాట్లండు దేశపు ఉత్తర, పశ్చిమ భాగము. అచట కొండలు, జలసంధులు, విడివిడిగా చిన్న దీవులు. జనము పలుచన; పేదరికము మెండు. వైద్యుడు వచ్చిన దూరమును బట్టి ప్రతిఫలము పెరుగుచుండెను గనుక, దూరముననున్న పేదవాడు వైద్యుని పిలుచుటకే వెనుకాడెడివాడు. 1912లో సర్ జాన్ డ్యూఅర్ అధ్యక్షతన నియమింపబడిన సంఘము ఈ స్థితిని విచారించి నివేదిక సమర్పించెను. మరుసటి సంవత్సరమే ప్రభుత్వము ఏటేట 42,000 పౌనులు కేటాయించి ఆ సీమకు ప్రత్యేక వైద్యసేవను ఏర్పరచెను. వైద్యుని ప్రయాణవ్యయమును ఆ నిధి భరించును. రోగి ఎంత దూరమున నున్నను స్వల్పమైన రుసుమే చెల్లించును. దూరమునకు పరిహారము రోగి ఇంటినుండి గాక ప్రజాధనమునుండి చెల్లవలెనన్న సూత్రము ఇట్లు ఆచరణలోనికి వచ్చినది.

ఈ సేవను స్వయముగా చూచుటకై 1924లో అమెరికానుండి ఒక స్త్రీ స్కాట్లండునకు వచ్చినది. ఆమె పేరు మేరీ బ్రెకిన్‌రిడ్జి. పుట్టిన కొలది గంటలకే కుమార్తెను, నాలుగేండ్ల ప్రాయమున కుమారుని పోగొట్టుకొనిన తల్లి ఆమె. మొదటి మహాయుద్ధానంతరము ఫ్రాన్సులో తల్లులకు, బిడ్డలకు సేవచేసి, బ్రిటనులో మంత్రసానితనము నేర్చుకొనినది. 1925లో కెంటకీ రాష్ట్రపు తూర్పుకొండలలో పని ప్రారంభించెను. 1928 నుండి ఆ సంస్థకు ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అని పేరు. ఆ ఏడే హైడెన్ అను చిన్న ఊరిలో నెలకొల్పిన ఆసుపత్రిని ప్రతిష్ఠించుటకు, డ్యూఅర్ సంఘ సభ్యుడైన సర్ లెస్లీ మెకెంజీ స్కాట్లండునుండి తరలివచ్చెను.

ఆ కొండలలో నాడు బాటలు లేవు. ఏటి గర్భమే దారి. అందుచేత నర్సులు గుర్రములపై తిరుగుచుండిరి. ఆమె చేసిన ఏర్పాటు సరళమైనది. ఒక్కొక్క కేంద్రము చుట్టును సుమారు ఐదు మైళ్ల వ్యాసార్ధముతో ఒక వలయము గీచినారు. ఆ వలయములోని ఏ ఇల్లయినను గుర్రముపై పోగల దూరమున నుండవలెను. గర్భిణులు ముందుగానే పేరు నమోదు చేయించుకొనవలెను. నర్సు నెలలు నిండకముందే పలుమార్లు పోయి చూచును. కాన్పు కష్టము కాగలదని తోచినచో, నొప్పులు రాకమునుపే తల్లిని హైడెన్ ఆసుపత్రికి చేర్చుటకు ప్రయత్నింతురు. తక్కిన కాన్పులు ఇంటనే జరుగును.

ఫలితములను అంకెలే చెప్పును. తొలి వేయి కాన్పులను మెట్రోపాలిటన్ జీవితభీమా కంపెనీవారు 1932లో పరిశీలింపగా, ప్రసవసంబంధమైన కారణముచే నేరుగా మరణించిన తల్లి ఒక్కరును కానరాలేదు. తొలి పదివేల కాన్పులలో మరణించిన తల్లులు 11 మంది మాత్రమే. గుర్రము మోటారుకంటె వేగమైనదా? కాదు. ప్రమాదఘడియలో చేయవలసిన ప్రయాణమును వారు వారములకు ముందే చేసినారు. రహస్యమంతయు ఇదియే.

తరువాతి పరిశోధనలు ఈ విషయమును బలపరచినవి. 1994లో థాడియస్, మెయిన్ అను ఇరువురు, ప్రసవవేళ మూడు జాప్యములు ప్రాణము తీయునని వివరించిరి: పోవలెనని నిశ్చయించుటలో జాప్యము, దారిలో జాప్యము, ఆసుపత్రి చేరిన పిదప చికిత్సలో జాప్యము. మంచి రోడ్లు, చదునైన నేల గల నెదర్లాండ్సులో సైతము, ఆసుపత్రికి 20 నిమిషములు గాని, అంతకు మించి గాని ప్రయాణము పట్టిన తల్లుల శిశువులకు అపాయము హెచ్చుగా నున్నట్లు 2011లో ప్రకటింపబడిన పరిశీలన తెల్పినది. ధనిక దేశమైనను గడియారము దయచూపదు.

మన సీమలో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 వాహనము రెండవ జాప్యమును చాలవరకు తగ్గించినది. కాని వాహనము రోడ్డున్నంతవరకే వచ్చును. మన్యపు కొండలపై, బాటలేని గూడెములలో, గర్భిణిని డోలీకట్టి మోసికొని దిగువకు దింపుట నేటికిని వినవచ్చుచున్నది. మోయువారి భుజబలము ఎంతదైనను, రక్తస్రావమునకు ఆ రెండు గంటల గడువే. అందుకే నెలలు నిండిన తల్లులను ముందుగా తెచ్చి ఆసుపత్రి చెంత నుంచు వసతిగృహములను మన ఏజెన్సీ ప్రాంతములలోను నెలకొల్పినారు. కెంటకీ కొండలలో నర్సులు చేసినదియు ఇట్టిదే.

అయితే వసతిగృహము కట్టినంతమాత్రమున తల్లి రాదు. ఇంటివద్ద బిడ్డలను చూచువారెవరు, కూలి పోయిన దినములకు గతి ఏమి, తనకు తోడుండువారెవరు అన్న ప్రశ్నలు ఆమెను గడప దాటనీయవు. స్కాట్లండువారు దూరపు ఖర్చును తమ పద్దులో వ్రాసికొనినట్లే, ఈ ఖర్చులను కూడ సమాజము తన పద్దులో వ్రాసికొనవలసి యున్నది. రోడ్డు వేయుట ఎంత అవసరమో, రోడ్డు వచ్చువరకు తల్లిని కాపాడుట అంత అవసరము.