పుచ్చుకున్న చేతులే ఇచ్చిన చరిత్ర

వాక్యభాగం: 2 కొరింథీయులకు 8, 9 అధ్యాయాలు, అపొస్తలుల కార్యములు 11:27–30



ఆఫ్రికాలోని ఒక పల్లె బడికి సాయంగా మన సంఘంలో కానుక పట్టవచ్చా అని యువకులు కొందరు అడుగుతున్నారు. "మన మందిరానికే రేకులు మార్చాలి, వానొస్తే ఆరాధనలో బకెట్లు పెట్టుకుంటున్నాం, ఎక్కడి ఆఫ్రికా?" అని పెద్దలు కొందరు అంటున్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అయితే పెద్దల మాట వెనుక మరో మాట కూడా ఉంది. ఇవ్వడం దొరల పని, పుచ్చుకోవడం మన పని అని మనకు తరాలుగా అలవాటైపోయింది. అది నిజమేనా అని చరిత్రను అడిగి చూద్దాం.

మనం పుచ్చుకున్నది

పుచ్చుకున్నామన్నది నిజమే. దాచుకోవలసింది ఏమీ లేదు. లండన్ మిషనరీ సొసైటీ వారు 1810లో బళ్లారికి, 1822లో కడపకు వచ్చారు. మన సీమలో సువార్తతో పాటు బడి కూడా వారి వెంట వచ్చింది. ఆ సొసైటీకి సొమ్ము పంపింది రాజులు కాదు. ఇంగ్లండులో సండే స్కూలు పిల్లలు కూడా అరపెన్నీలు పోగుచేసేవారు. 1844లో ఆ సొసైటీకి ఒక ఓడనే కొనిపెట్టారు ఆ పిల్లలు.

మన కళ్ల ముందరి సంగతి చూడండి. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును మొదలుపెట్టారు. స్పెయిన్ దేశంలో వేల కుటుంబాలు నెలనెలా కొంత తీసిపెట్టి పంపగా మన పల్లెల్లో బడి పిల్లలకు చదువు, ఇళ్లు, చెట్లు, వైద్యం అందాయి. ధర్మవరం దాటి బత్తలపల్లి ఆసుపత్రికి వెళ్లి బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లులు మనలో ఉన్నారు. ఆయన 2009లో కన్నుమూశాక ఆ బత్తలపల్లిలోనే సమాధి చేశారు. ఆ సొమ్ము పంపినవారిలో చాలామంది అనంతపురాన్ని ఎన్నడూ చూడలేదు. చూడని ఊరి కోసం ఇవ్వడం అంటే ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

కరువులో నిలిచిన సంఘం

ఇక మరో వైపు చూద్దాం. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేసిన అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలైంది. ఏళ్లు గడిచినా ఫలం కనబడలేదు. సొమ్ము దండగ, మూసేద్దామా అని అమెరికాలో ఒకటి రెండు సార్లు కాదు, మూడు సార్లు చర్చ జరిగింది. మూడు సార్లూ ఎవరో ఒకరు అడ్డుపడి నిలబెట్టారు.

1876 నుండి 1878 దాకా గొప్ప కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి ఇచ్చారు. వారిలో ఎక్కువమంది మాదిగపల్లెల వారు. కరువు పని నడిచినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆపారు. కరువు తీరాక జనం తిరిగి వచ్చి అడిగారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్యను మనం సువార్త సభల్లో చాలాసార్లు విన్నాం. దాని తరువాత ఏమైందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ రోజు ఏటిలో దిగినవారు కాలువలో మట్టి మోసినవారు. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని వారు. అలాంటి వారితో నిండిన తెలుగు సంఘాలు సరిగ్గా 25 ఏళ్లకు ఆఫ్రికాకు తమ మనిషిని పంపాయి.

నటాలు తోటల్లో తెలుగు గొంతు

ఆఫ్రికాకు ఎందుకంటే, మనవాళ్లు అక్కడ ఉన్నారు. చెరుకు తోటల్లో పనికి కూలీలను ఎక్కించుకొని మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటి నుండి 1911 దాకా దాదాపు 1,52,000 మంది భారతీయులు నటాలు దేశానికి వెళ్లారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. తమిళులతో పాటు విశాఖపట్నం, నెల్లూరు, చిత్తూరు సీమల తెలుగువారూ వారిలో ఉన్నారు.

అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లేవారు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల కూలి, ఆపైన ఏడాదికి నెలకొక షిల్లింగు పెంపు. ఒప్పందంలో ఏం రాసి ఉందో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. 1895లో వచ్చిన చట్టం ప్రకారం, గడువు తీరాక తిరిగి ఒప్పందం చేసుకోకుండా, ఇండియాకూ పోకుండా అక్కడే ఉండిపోదలచిన వారు ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. మొదటి ఏటి కూలి లెక్కన అది ఆరు నెలల సంపాదన. గాంధీ గారు 1913లో నడిపిన సమ్మె ముఖ్యంగా ఈ పన్ను మీదనే. 1914లో దాన్ని ఎత్తివేశారు.

డర్బనుకు ఉత్తరాన కియర్స్‌నీ అనే చోట హులెట్ దొర తేయాకు తోటలు ఉండేవి. అక్కడ పనిచేసేవారిలో నెల్లూరు వైపు నుండి వెళ్లిన బాప్టిస్టు విశ్వాసులు ఉన్నారు. తమ భాషలో వాక్యం చెప్పే కాపరి లేడు. పంపండని ఇంటికి కబురు పెట్టారు.

ఆ కబురుకు జవాబు ఇచ్చింది అమెరికా కాదు, తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ. మన తెలుగు విశ్వాసుల కానుకలతో నడిచే సంస్థ అది. వారు జాన్ రంగయ్య గారిని కుటుంబంతో సహా పంపారు. 1903 జూన్‌లో ఆయన నటాలు చేరారు. ఆ డిసెంబరులోనే కియర్స్‌నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం కట్టబడింది. రంగయ్య గారు తోట నుండి తోటకు తిరిగి సంఘాలు కట్టారు, పిల్లలకు చదువు చెప్పే పనిని కూడా భుజాన వేసుకున్నారు. 1914లో అక్కడి భారతీయ బాప్టిస్టు సంఘాలను ఒక్కటిగా చేర్చారు. మరుసటి ఏడు, 1915లో, ప్రభువు పిలుపు అందుకున్నారు.

తేయాకు తోటలో బడి అంటే ఏమిటో ఆలోచించండి. ఆకు కోసే పనిలో తల్లి పక్కన పిల్లల చేతులు కూడా ఆడేవి. ఆ చేతికి పలక ఇవ్వడం అంటే, రేపు ఏ కాగితం మీదా చదవకుండా వేలిముద్ర వేయనక్కరలేదని చెప్పడం. తరువాతి కాలంలో నటాలులో చాలా బడులు అక్కడి భారతీయ కుటుంబాలు చందాలు వేసుకొని కట్టినవే. కట్టడం జనానిది, పంతుళ్ల జీతాలకు సాయం ప్రభుత్వానిది. 1929లో డర్బనులో తెరిచిన శాస్త్రి కాలేజీ కూడా అలా చందాలతో లేచిందే. దానిలో పాఠాలు చెప్పడానికి ఇండియా నుండి ఉపాధ్యాయులు ఓడ ఎక్కి వెళ్లారు.

కాబట్టి ఆఫ్రికాలోని బడికి ఇవ్వడం మనకు కొత్త సంగతి కాదు. పూరి గుడిసెల్లో ఉన్న మన పెద్దలు 120 ఏళ్ల కిందటే చేసి చూపించారు.

పౌలు చెప్పిన లెక్క

మాసిదోనియ సంఘాల గురించి పౌలు రాసింది 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో నెమ్మదిగా చదవండి. వారు కలిగినవారు కారు. నిరుపేదలు, పైగా శ్రమల్లో ఉన్నవారు. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం ఇచ్చే భాగ్యం తమకూ కావాలని వారే పౌలును బతిమాలుకున్నారు. పేదవాడిని ఇవ్వవద్దనడం జాలిగా కనబడుతుంది కానీ అది అతని గౌరవాన్ని తీసివేయడమే.

మన అమ్మలకు ఇది తెలుసు. ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసి ఆదివారం తెచ్చే స్త్రీలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. మిజోరాంలో 1910లో మొదలైన ఇలాంటి పిడికెడు బియ్యమే అక్కడి సంఘాలు తమ సేవకులను తామే పోషించుకోవడానికి ఆధారమైంది. ఇల్లు నిండాక ఇస్తామనుకుంటే ఆ డబ్బాలో ఒక్క గింజ పడేది కాదు.

బిడ్డకు ఎవరి పేరు?

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇవ్వడంలోనూ పాపం దూరుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీ పడమటి ఆఫ్రికాలో బడి పిల్లల కోసం నిధి పెట్టింది. ఏటా 5 పౌండ్లు ఇచ్చిన దాత, ఆఫ్రికాలోని ఒక బిడ్డకు తన ఇష్టమైన పేరు పెట్టవచ్చు. తల్లి పెట్టిన పేరు పోయి, దాత పేరు వచ్చింది. బానిసల ఓడ నుండి విడిపించబడిన అజయి అనే కుర్రవాడు సియెర్రా లియోనులో 1825లో బాప్తిస్మం పొందినప్పుడు, ఇంగ్లండులోని సామ్యూల్ క్రౌథర్ అనే పాదిరి పేరు అతనికి వచ్చింది. అజయి మాత్రం తన పేరును వదలలేదు. 1864లో బిషపు అయ్యాక కూడా సామ్యూల్ అజయి క్రౌథర్‌గానే నిలిచారు. తన యొరూబా భాషలోకి బైబిలును తేవడంలో ఆయన చేయి ప్రధానం.

ఇచ్చినవారి మనసు మంచిదే కావచ్చు. కానీ సొమ్ము ఇచ్చినందుకు బిడ్డ మీద హక్కు వచ్చిందనుకున్నారు. ఈ రోజు మనం బడికి ఫ్యాను ఇచ్చి దాని రెక్కల మీద పేరు రాయిస్తాం. పలకలు పంచేటప్పుడు పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటో తీయిస్తాం. ఆ వరుసలో నిలబడిన చిన్నతనం మనలో కొందరికి తెలుసు. మనకు నొప్పి కలిగించినదాన్ని మరొకరి బిడ్డకు చేయకూడదు.

కోశాధికారి కథ

లేపాక్షి వారికి రెండో హెచ్చరిక వేరే చెప్పనక్కరలేదు. పెనుకొండలో విజయనగర రాజుల కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడని నింద పడి, తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని మన ఊళ్లలో తరతరాలుగా చెప్పుకుంటారు. గోడ మీద ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. కథలో నిజమెంత అన్నది పక్కన పెట్టండి. పని పవిత్రమైనదైనా లెక్క లెక్కే అన్నది అందరికీ అర్థమవుతుంది.

పౌలు కూడా అదే జాగ్రత్త పడ్డాడు. కానుకను తానొక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు. దేవుని ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా నింద రాకూడదన్నాడు. మనం పంపేది 500 రూపాయలైనా ఇద్దరు లెక్కపెట్టాలి, పుస్తకంలో రాయాలి, ఆదివారం చదవాలి. విదేశాలకు సొమ్ము పంపడానికి మన దేశంలో చట్టం ఉంది. బ్యాంకును, ఆడిటరును అడిగి సరైన దారిలోనే పంపాలి. ఫోనులో వచ్చిన ఫోటో చూసి ఎవరికి పడితే వారికి పంపడం ప్రేమ కాదు, తొందర.

ఆఫ్రికాకు మన బాకీ

చివరిగా ఒక మాట. కరువు వస్తుందని అగబు చెప్పినప్పుడు, యూదయలోని సహోదరులకు ఎవరి శక్తికొద్దీ వారు సొమ్ము పంపింది అంతియొకయ సంఘం. ఆ సంఘంలో గ్రీకువారికి మొట్టమొదట సువార్త చెప్పినవారిలో కురేనే మనుషులు ఉన్నారు. దాని పెద్దల్లో కురేనీయుడైన లూకియ ఉన్నాడు. కురేనే ఆఫ్రికా ఉత్తర తీరంలో, నేటి లిబియాలో ఉంది. మన ప్రభువు సిలువను మోసిన సీమోను కూడా ఆ ఊరివాడే. ఆఫ్రికాను పుచ్చుకునే ఖండంగా చూడడం మనకు ఈ మధ్య వచ్చిన అలవాటు. సంఘ చరిత్రలో అది మొదట ఇచ్చిన ఖండం.

కాబట్టి నా మనవి ఇది. మందిరానికి రేకులు మారుద్దాం. బడికీ పంపుదాం. రేకులు పూర్తయ్యాకే బడి అంటే, రేకుల తరువాత ప్రహరీ వస్తుంది, ప్రహరీ తరువాత మైకు సెట్టు వస్తుంది, బడి వంతు ఎన్నటికీ రాదు. వచ్చే నెల మొదటి ఆదివారం ఒక డబ్బా వేరుగా పెడదాం. దాని మీద ఎవరి పేరూ ఉండదు. అందులో ఎంత పడిందో మరుసటి వారం సంఘం ముందు చదువుతాం.

ప్రార్థన: ప్రభువా, చూడనివారు మమ్మల్ని పోషించేలా చేశావు. మేము చూడని బిడ్డలను మా బిడ్డలుగా తలచే మనసు మాకివ్వు. మా పిడికెడును చిన్నదని మేము దాచుకోకుండా, గొప్పదని చాటుకోకుండా కాపాడు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.