ఎనుము తోక పట్టుకొని నేర్చిన ఈత

మదురైలో బస్సు దిగే ప్రతి ఒక్కరికీ తెలిసిన పేరు మాట్టుతావణి. బోర్డు మీద ఎంజీఆర్ పేరున్నా కండక్టర్లు అరిచేది ఈ పేరే. తావణి అనగానే మన ఇళ్ళల్లో పిల్లలు ఓణీ అనుకొని నవ్వుతారు. ఇది ఆ తావణి కాదు. పశువుల్ని వరసగా కట్టేసే పొడుగాటి తాడును తమిళంలో తావణి అంటారు. ఆ తాళ్ళు కట్టి పశువుల్ని అమ్మే సంతకు కూడా అదే పేరు. నాయన ఉద్యోగం వల్ల నా చదువంతా కర్ణాటకలో, కన్నడ మీడియంలో అయింది. కన్నడంలో దావణి అన్నా అదే తాడు. తెలుగులో దామెన అంటాం. మూడు భాషల్లోనూ ఒకే తాడు, ఒకే పని. కాబట్టి మాట్టుతావణి అంటే పశువుల సంత.

సంత అన్నాక పశువులకు నీళ్ళు కావాల. చిత్తిరై పండగ రోజుల్లో మదురైలో పెద్ద పశువుల సంత జరిగేది. అన్ని నోళ్ళకు బావులు సరిపోవు, చెరువే దిక్కు. మాట్టుతావణికి పక్కనే వండియూర్ కణ్మాయి ఉంది. కణ్మాయి అంటే మదురై వైపు చెరువుకు పేరు. ఈ వ్యాసం ఆ చెరువు నీళ్ళ గురించి, ఆ నీళ్ళలో ఈత గురించి. స్విమ్మింగ్ పూల్ ఉండగా జనం చెరువులోకి ఎందుకు దిగుతారు, అందులో ఏం సుఖం ఉంది అని మన కుటుంబంలో చిన్నోళ్ళు అడుగుతుంటారు. దానికి జవాబు ఒంటికి సంబంధించింది కొంత, మన చరిత్రకు సంబంధించింది కొంత.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో ఈదు, కన్నడలో ఈజు, తమిళంలో నీందు. చెవికి వేరుగా వినపడతాయి గానీ, భాషాశాస్త్రం చదివినోళ్ళు మూడూ ఒకే వేరు నుంచి వచ్చాయంటారు. తమిళంలో మొదటి 'న'కారం నిలిచింది, మన రెండు భాషల్లో రాలిపోయింది. అంటే ఈ భాషలు విడిపోక ముందే మన పూర్వీకులకు ఈత తెలుసు, దానికో మాట కూడా ఉండేది.

మాట ఉన్నంత మాత్రాన అందరికీ ఈత వచ్చినట్టు కాదు. దక్షిణ తమిళనాడులో ఉండే కంబళత్తు నాయక్కర్లు తెలుగు మాట్లాడే పశుపాలకులు. వాళ్ళ వలస కథ ఒకటి 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో ఉంది. శత్రువులు తరుముకొస్తుంటే వీళ్ళు దక్షిణానికి పారిపోతా ఉన్నారు. దారిలో దాటలేని ఏరు అడ్డం వచ్చింది. అప్పుడు రెండు ఒడ్డుల మీద ఉన్న రెండు కానుగ చెట్లు వంగి ఒకదాన్నొకటి తాకి వంతెనలాగ నిలిచాయి. జనం దాటిపోయారు. అందుకే ఆ చెట్టంటే వాళ్ళకు గౌరవం. ఈ కథను చాలామంది భక్తి కథగా చెప్తారు. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి కనపడుతుంది. అది ఈత రాని జనం కథ. మెట్ట నేలల్లో పశువుల వెనక తిరిగినోళ్ళకు లోతు నీళ్ళంటే భయమే. చెట్టు వంగితే తప్ప దాటలేమని వాళ్ళకు తెలుసు.

అలాంటోళ్ళ పిల్లలు చెరువులో ఈత ఎట్లా నేర్చారు? నేర్పించింది ఎనుము. ఎనుముకు చెమట గ్రంథులు తక్కువ, చర్మం నలుపు. ఎండ ముదిరితే నీళ్ళలో పడుకుంటేనే దాని ఒళ్ళు చల్లబడుతుంది. మదురై ఎండ ఎట్లాంటిదో మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం మందను చెరువులోకి తోలితే, తోలిన పిల్లోడు గట్టు మీద ఊరికే కూర్చుంటాడా? ఎనుము తోక పట్టుకొని వెనకాలే దిగుతాడు. లోతుకు పోయే కొద్దీ ఎనుము ఈదుతుంది, పిల్లోడు కాళ్ళు కొట్టుకుంటా పోతాడు. కొన్నాళ్ళకు తోక వదిలేస్తాడు. ఇంకొందరు ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకొని నేర్చుకునేవాళ్ళు. కన్నడలో దాన్ని సోరె బురుడె అంటారు. మా తాత కూడా తోక పట్టుకొనే నేర్చాడు. ఫీజు లేదు, గురువు లేడు. గురువుకు కొమ్ములు మాత్రం ఉన్నాయి అని నవ్వేవాడు.

పల్లెల్లో ఈత పనిలో భాగం కూడా. పాత చెరువుల్లో తూము దగ్గర నీళ్ళ మధ్యన రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి, చూసే ఉంటారు. వాటి మధ్య ఒక కొయ్య ఉంటుంది, దాని కొసన బిరడా. దాన్ని ఎత్తితే తూము తెరుచుకొని నీళ్ళు పొలాలకు పోతాయి. ఆ పని చేసేవాణ్ణి తెలుగులో నీరుకట్టి, నీరటి అంటాం, కన్నడలో నీరగంటి. చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము రాళ్ళ దాకా పోవాలంటే ఈత రావాల్సిందే. పని అయిపోయాక అవే రాళ్ళు పిల్లలకు దూకుడు మెట్లు.

ఇంతకీ సుఖం ఎక్కడుంది? మనోళ్ళు మూడు రకాల నీళ్ళలో ఈదారు. బావిలో ఈతంటే దూకుడు, లోతు, ఎవరు ఎక్కువసేపు మునిగుంటారు అనే పందెం. కాలవలో ఈతంటే వేగం, నీళ్ళే మనల్ని మోసుకొని పోతాయి. చెరువులో ఈతంటే దూరం. అక్కడ గోడ లేదు, తాడు లేదు, ఇంతసేపే అన్న గంట లేదు. అవతలి ఒడ్డున ఒక తాటి చెట్టును గురి పెట్టుకొని పోవాల. నాలుగు బారలకు ఒకసారి తల ఎత్తి చూడకపోతే దారి తప్పుతారు. ఎండాకాలంలో పైనీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, కాళ్ళు కిందికి దించితే చల్లటి పొర తగులుతుంది. ఎండ పైపొరను వేడి చేస్తుంది, వేడి నీళ్ళు తేలిక కాబట్టి పైనే నిలుస్తాయి. గాలి కంటే నీళ్ళు ఒంటి వేడిని చాలా రెట్లు త్వరగా లాగేస్తాయి. అందుకే దిగిన క్షణంలో ఊపిరి ఆగినట్టయ్యి, తర్వాత ఒళ్ళంతా మేల్కొంటుంది. వెల్లకిల పడుకుంటే చెవులు మునిగి ఊరి గోల అంతా ఆగిపోతుంది. పొద్దున నుంచి మోసిన ఒంటి బరువును కాసేపు చెరువు మోస్తుంది. పొలం పని చేసేవాడికి ఇంతకు మించిన విశ్రాంతి ఏముంది? కంప్యూటర్ ముందు కూర్చొని టెస్ట్ కేసులు రాసే నాలాంటోడికీ అంతే.

ఇది మన ఊళ్ళకే పరిమితం కాదు. ఇంగ్లిష్ కవి బైరన్ 1810 మే 3న యూరప్‌ని ఆసియాని వేరు చేసే జలసంధిని ఈది దాటి, జీవితమంతా దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు. లండన్ నడిమధ్య సర్పెంటైన్ చెరువులో 1864 నుంచి ఒక ఈత సంఘం ఉంది. వాళ్ళు క్రిస్మస్ పొద్దున గడ్డకట్టే చలిలో పందెం పెట్టుకుంటారు. 2008లో ఒలింపిక్స్‌లో 10 కిలోమీటర్ల బహిరంగ జలాల ఈత మొదలైంది. అది బీజింగ్ దగ్గర పడవ పందేల కోసం కట్టిన చెరువులోనే జరిగింది. ఒంటికి కలిగే ఈ సుఖం ఏ దేశంలోనైనా ఒకటే.

చరిత్ర అనగానే మనోళ్ళు తెప్పకుళం దగ్గరికి పోతారు. వండియూర్ మారియమ్మన్ తెప్పకుళాన్ని 1645 ప్రాంతంలో తిరుమల నాయకుడు కట్టించాడు. సుమారు 1000 అడుగుల పొడవు, 950 అడుగుల వెడల్పు. మధ్యలో మండపం, చుట్టూ రాతి మెట్లు, వైగై నుంచి నీళ్ళొచ్చే దారి. మహలు కట్టడానికి ఇటుకల మట్టి తవ్విన గుంటనే ఇట్లా కోనేరు చేశారని చెప్తారు. తై నెల పున్నమికి మీనాక్షి సుందరేశ్వరులు తెప్ప మీద తిరుగుతారు. తెలుగు మాట్లాడే రాజు కట్టించాడని మనకు గర్వం. గర్వం ఉండొచ్చు. కానీ అది దేవుడి తెప్ప కోసం కట్టిన నీళ్ళు. పిల్లోడు, ఎనుము, నీరుకట్టి దిగిన నీళ్ళు కణ్మాయివి. మొదటి దాని మీద పుస్తకాలున్నాయి. రెండోదాని మీద మన తాతల మాటలు తప్ప ఏమీ లేవు.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాల. నీళ్ళు అందరివీ అని ఊరికే అంటాం. ఏ రేవులో ఎవరు దిగాల, ఎవరు దిగకూడదు అన్న లెక్క మన పల్లెల్లోనూ ఉండేది. 1927 మార్చి 20న అంబేద్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగడమే ఒక పోరాటం అయింది. మదురైలో 1939 జులై 8న వైద్యనాథ అయ్యర్ వెంట దళితులు, నాడార్లు మీనాక్షి గుళ్ళో అడుగు పెట్టారు. గుడి లోపలే ఉన్న పొట్రామరై కుళం మెట్లు కూడా అప్పటిదాకా వాళ్ళకు దూరమే. మన ఆడవాళ్ళ సంగతి ఇంకో రకం. బిందె ముంచడానికి, బట్టలు ఉతకడానికి చెరువు వాళ్ళది, ఈదడానికి కాదు. మా అవ్వ జీవితమంతా చెరువు పక్కనే ఉంది, మోకాలు లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. అందుకే 2021 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల తలైమన్నార్ నుంచి ధనుష్కోడి దాకా సుమారు 30 కిలోమీటర్ల సముద్రాన్ని 13 గంటలకు పైగా ఈది వచ్చినప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలకు ఆ వార్త చదివి వినిపించాను. అవ్వ దిగని లోతు అది.

మరి ఆ సుఖం ఎక్కడికి పోయింది? చెరువు దానంతట అది బతకదు. పూడిక తియ్యాల, గట్టు వెయ్యాల, వరవ కాలవ శుభ్రం చెయ్యాల. ఊరంతా కలిసి చేసే ఈ పనికి కుడిమరామత్తు అని పేరు. 1858లో ఇంగ్లిషోళ్ళు దీన్ని చట్టంలో పెట్టి తప్పనిసరి చాకిరీ అన్నారు. ఊరిది అనుకున్నప్పుడు జరిగిన పని, సర్కారుది అనుకున్నాక సన్నగిల్లింది. 2017లో తమిళనాడు ప్రభుత్వం అదే పేరుతో పథకం మొదలుపెట్టింది. ఈలోగా ఊరు పెరిగిపోయింది. తల్లాకుళం పేరులో కుళం ఉంది, అక్కడ ఇప్పుడు వీధులున్నాయి. 2004లో హైకోర్టు బెంచి తెరిచిన ఉలగనేరి పేరులో ఏరి ఉంది. మనకు ఏరు అంటే పారే నీళ్ళు, తమిళంలో ఏరి అంటే చెరువు. సంత ఉన్న చోటికి బస్సులొచ్చాయి. మాట్టుతావణిలో మాడూ లేదు, తావణీ లేదు. వండియూర్ కణ్మాయి మాత్రం మిగిలింది, జనం గట్టు మీద నడకకు పోతారు. దిగి ఈదమని మాత్రం నేనెవరికీ చెప్పను. ఊరి మురుగు కలిసే నీళ్ళలో, అడుగున ఎక్కడ గుంట ఉందో తెలియని చోట, ఈత వచ్చినోడికీ ప్రమాదమే.

చెరువు ప్రమాదం, దగ్గరికి పోవద్దు అని మన పిల్లలకు చెప్తున్నాం. నిజమే. కానీ అవే నీళ్ళలో మన తాతలు తేలారు. చెరువును పాడు చేసింది మనం, ఈత మరిచిపోయింది మనం. ఈ రెండూ కలిసే అది ప్రమాదమైంది. చెరువును బాగు చెయ్యడం ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదు. ఈత మాత్రం మన చేతిలోనే ఉంది. ఎనుము లేదు కాబట్టి పూల్‌లోనే నేర్పిద్దాం, ఆడపిల్లలకు ముందు నేర్పిద్దాం. నేర్చాక, మంచి నీళ్ళున్న పల్లె చెరువులో, లోతు తెలిసిన పెద్దోళ్ళు పక్కన ఉండగా ఒకసారి దించుదాం. గోడ లేని నీళ్ళంటే ఏంటో వాళ్ళ ఒంటికి తెలియాల.

ఇంకొక్క పని. మన కుటుంబంలో డెబ్భై దాటినోళ్ళు ఇప్పుడు కొద్దిమందే ఉన్నారు. మీ ఇంట్లో ఉన్నోళ్ళను అడగండి. మీరు ఈదిన చెరువు పేరేంటి, తూము ఏ దిక్కున ఉండేది, ఏ నెలలో నిండేది, ఎవరు నేర్పారు, ఏ రేవు ఎవరిది? తమిళంలో చెప్పినా, తెలుగులో చెప్పినా, కలిపి చెప్పినా సరే, అట్లాగే రాసి పంపించండి. ఊరి పేరు మాత్రం మరిచిపోవద్దండి.