ప్రమోషన్: దయనా, బాకీనా?

కండ్లకోయ చుట్టుపక్కల రెండు రకాల కొలువులున్నాయి. ఒకటి సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ మీదుగా నిజామాబాద్ పోయే రైలు మార్గం మీద సర్కారు నౌకరి. రెండోది ప్రైవేటు నౌకరి. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసిన ఐటీ పార్కు ఆశ పెట్టింది ఈ కొలువుల మీదనే. మొదటి చోట దళితుడు పై మెట్టు ఎక్కడానికి రోస్టర్ అనే లెక్క ఉంది. రెండో చోట మేనేజర్ గది తలుపు తట్టాల్సిందే. ఈ తేడా ఎట్లా వచ్చిందో చెప్పకుండా మన పిల్లలకు "ధైర్యంగా అడగండి" అని మాత్రమే చెబితే అది సగం మాటే అవుతుందని మేము అనుకుంటున్నాం.

అడగడం అందరికీ ఒకే పని కాదు. తెలంగాణ పల్లెల్లో వెట్టి చేసిన మాల, మాదిగలు కూలి గింజలు అడగాలన్నా "నీ బాంచెన్, కాల్మొక్త" అనే మొదలుపెట్టాలె. దొర ఇచ్చింది దయ కిందికి వచ్చేది, చేసిన పనికి బాకీ కిందికి రాలేదు. అంబేద్కర్ ఈ సంబంధాన్నే తిరగేసిండు. ఆయన వైస్రాయి కౌన్సిల్‌లో ఉన్నప్పుడు 1943లో బ్రిటిషిండియా కేంద్ర సర్వీసుల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం వాటా వచ్చింది. 1950 రాజ్యాంగంలో అది 16(4) అధికరణగా నిలిచింది.

మరి ఆ వాటా గడప దాకేనా, లోపలి మెట్లకు కూడానా? ఈ ప్రశ్న రైల్వేలోనే మొదట గట్టిగా లేచింది. 1959లో రైల్వే బోర్డు సెలక్షన్ పోస్టుల ప్రమోషన్లలోనూ రిజర్వేషన్ పాటించాలని సర్క్యులర్లు పంపింది. దక్షిణ రైల్వే ఉద్యోగి ఒకరు కోర్టుకెక్కితే మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. బెజవాడ, గుంతకల్లు ప్రాంతాలు అప్పుడు ఆ రైల్వే కిందనే ఉండేవి. 1961 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు రంగాచారి కేసులో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా సర్క్యులర్లను నిలబెట్టింది.

ముప్పై ఏళ్ల తర్వాత ఆ మెట్టు కదిలింది. 1992 నవంబరు 16న మండల్ తీర్పు 16(4) ప్రమోషన్లకు వర్తించదన్నది. అప్పటికే అమలవుతున్నవాటికి ఐదేళ్లు గడువిచ్చింది. 1995లో పార్లమెంటు 77వ సవరణతో 16(4ఎ) తెచ్చింది. సీనియారిటీ దగ్గర కోర్టులు మళ్లీ అడ్డుకట్ట వేస్తే 2001లో 85వ సవరణ వచ్చింది. మన రాష్ట్రంలో 2003 ఫిబ్రవరి 14న సాంఘిక సంక్షేమ శాఖ జీవో 5తో ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్ అన్ని శాఖలకూ వచ్చింది. 2006లో నాగరాజ్ తీర్పు వెనుకబాటుతనానికి లెక్కలు చూపమంది. ఎస్సీ, ఎస్టీలకు ఆ షరతును 2018లో జర్నైల్ సింగ్ తీర్పు తీసేసింది గానీ, సరిపడా ప్రాతినిధ్యం లేదని చూపే షరతు మిగిలే ఉంది.

గమనించాల్సింది ఏమంటే, ప్రతిసారీ అడ్డం వచ్చిన మాట "సామర్థ్యం". ఆ సామర్థ్యాన్ని కొలిచేది ఎవరు? పై అధికారి రాసే రహస్య నివేదిక. ఒక్క వాక్యంతో పదేళ్ల నౌకరి కుంగిపోవచ్చు, రాసిన సంగతి ఉద్యోగికి తెల్వకనే పోవచ్చు. ప్రభుత్వోద్యోగి నివేదికలో రాసిన ప్రతి మాటనూ అతనికి తెలియజేయాలని సుప్రీంకోర్టు దేవ్‌దత్ కేసులో చెప్పడానికి 2008 దాకా పట్టింది.

ప్రైవేటు కంపెనీకి 16(4ఎ) వర్తించదు, రోస్టర్ లేదు. అప్రైజల్ గదిలో మేనేజరే పరీక్షకుడు, మేనేజరే న్యాయమూర్తి. కులం అక్కడ లేదనేవాళ్లు ఉన్నారు. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2007లో అచ్చువేసిన పరిశోధన వేరే మాట చెప్పింది. చదువు సమానంగా ఉన్నా, దళిత పేరుతో పోయిన దరఖాస్తుకు పిలుపు తక్కువొచ్చింది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద దావా వేసింది. కులం గురించి ఫిర్యాదు చేసిన దళిత ఇంజనీరుకు ఎదుగుదల అవకాశాలు లేకుండా చేశారన్నది అందులోని ఆరోపణ. కంపెనీ దాన్ని ఖండించింది. ఇద్దరు మేనేజర్ల మీద కేసును ఆ శాఖే 2023లో వదులుకుంది, కంపెనీ మీద దావాను మాత్రం కొనసాగించింది. తీర్పు సంగతి అట్లుంచితే, ప్రమోషన్ గదిలో కులం ఉంటుందా అని అమెరికా కోర్టులో అడగాల్సి రావడమే చరిత్ర.

అడగొద్దని మేము అనడం లేదు. అడగాలె, కానీ చేతులు కట్టుకుని కాదు. చేసిన పని తేదీలతో రాసిపెట్టుకోవాలె. ప్రమోషన్ నియమాన్ని, కాదన్న కారణాన్ని కాగితం మీద అడగాలె. ఒక్కడు అడిగితే అర్జీ అయితది, పదిమంది కలిసి అడిగితే లెక్క అయితది. రైల్వేలోనూ సచివాలయంలోనూ మన పెద్దలు సంఘాలు కట్టి కొట్లాడబట్టే రోస్టర్ రిజిస్టరు తెరుచుకుంది.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మా మనవి ఒకటే. మీ ఇంట్లో, వాడలో రిటైరైన ఉద్యోగి ఉంటే ఆయన ప్రమోషన్ ఆర్డర్లు, ఆగిపోయిన ఫైళ్ల సంగతులు రాసిపెట్టండి. ఐటీ పార్కుకు పోయే పిల్లలకు ఆ చరిత్ర చేతిలో ఉంటే, మేనేజర్ ముందు కూర్చున్నప్పుడు తాము అడిగేది దయ కాదని, తమకు రావాల్సిన బాకీ అని తెలుస్తుంది. ప్రైవేటు కొలువులోనూ చట్టం కావాలనే కొట్లాటకు మొదటి కాగితం కూడా అదే.