గుండె గోడకి రంధ్రాలు లేవన్న డాక్టర్

గుండెకి మధ్యలో గోడ ఉంటుంది కదా, మరి కుడివైపు రక్తం ఎడమవైపుకి ఎలా వెళ్తుంది? గోడలో కంటికి కనపడని రంధ్రాలున్నాయి, వాటిలోంచే వెళ్తుంది అన్నాడు రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్. ఆ రంధ్రాల్ని ఎవరూ చూడలేదు. అయినా వెయ్యేళ్లకి పైగా అదే పాఠం!

1242 ప్రాంతంలో ఇబ్న్ అల్ నఫీస్, అంటే డమాస్కస్ నుంచి కైరో వెళ్లిన డాక్టర్, సూటిగా రాసేశాడు. గోడ మందంగా ఉంది, రంధ్రాల్లేవు. కుడివైపు రక్తం ఊపిరితిత్తులకి వెళ్లి, గాలితో కలిసి, ఎడమవైపుకి వస్తుంది. ఆక్సిజన్ అన్న మాట అప్పటికి లేదు, అంతే తేడా. ఊపిరితిత్తుల్లో రక్తం వచ్చే నాళానికీ పోయే నాళానికీ మధ్య సన్నటి దారులుండాలని కూడా ఊహించాడు.

యూరప్‌లో సెర్వెటస్ 1553లో ఇదే రాశాడు. అదే పుస్తకంలో మతం గురించి రాసినదానికి జెనీవాలో ఆయన్ని సజీవంగా కాల్చేశారు. 1628లో హార్వే వచ్చి రక్తప్రసరణ మొత్తం వివరించాడు. ఆ సన్నటి దారులు మాత్రం ఆయనకీ కనపడలేదు. 1661లో మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తుల్ని మైక్రోస్కోప్‌లో చూస్తే... ఉన్నాయి!

మరి నఫీస్ పేరు మనమెందుకు వినలేదంటారా? ఆయన రాతప్రతి బెర్లిన్‌లో ఒక లైబ్రరీలో పడి ఉంది. 1924లో ఒక ఈజిప్టు డాక్టర్ కంటపడేదాకా.